మూడో సీసా

కూర్చోండి పిలుస్తాం అని చెప్పి అటెండరు లోపలికి పోయాడు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నదంటే చాయ్ గ్లాసులు బయటికి రావడానికే తప్ప ఇస్రాయేలును లోపలికి పిలవడానికి కాదు. వరండాలో బెంచీకి ఒక కాలు పొట్టి. పక్కన తల్లి బిక్షమ్మ సంచి సర్దుకున్నప్పుడల్లా ఇటు పక్క లేస్తుంది, ఇతను కదిలితే అటు పక్క లేస్తుంది, సర్కారు ఆఫీసులో బెంచీ కూడా ఒక్క మాట మీద నిలబడదు అనుకున్నాడు, అనుకుంటే నవ్వు రావాలి, రాలేదు, నవ్వొచ్చే రోజులు మొన్నటి ఎండాకాలంతోనే అయిపోయాయి. ఎదురుగా గోడ మీద సమాచార హక్కు చట్టం అని నీలం బోర్డు. పౌరుడు అడిగింది ఇవ్వాలి, ఇవ్వకపోతే ఫలానా అధికారికి అప్పీలు చేసుకోవాలి, ఆ ఫలానా అధికారి పేరు ఉండాల్సిన చోట తెల్ల పెయింటు. పాత సారు బదిలీ అయ్యాడు, కొత్త పేరు రాయడానికి పెయింటరు రాలేదు. పేరు లేని సారుకే అప్పీలు పెట్టుకున్నాడు ఇస్రాయేలు. ఆ సారే ఇవాళ రమ్మని నోటీసు పంపాడు. రమ్మని, తలుపేసుకున్నాడు.

చుక్కలు తెంపుకొచ్చి చేతుల పెట్టమన్ననా. ఒక్క కాగితం. ఈ కాలుష్యం ఆఫీసు వాళ్ళే ఎండాకాలంలో ఎర్రగుట్టపల్లికి వచ్చి మూడు చోట్ల నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు, ఒకటి కంపెనీ వెనక వాగులోది, ఒకటి చర్చి ముందటి చేతిపంపుది, మూడోది ఇస్రాయేలు ఇంటి బోరుది. పరీక్షలో ఏం తేలిందో చెప్పండి సారూ అని అడిగాడు, అంతే. కంపెనీ ఏం మందులు చేస్తుందో ఊర్లో ఎవరికీ తెలియదు గానీ, ఏం వదులుతుందో మాత్రం ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. బోరు మోటరు వేస్తే ముందు కంపు వస్తుంది, తర్వాత నీళ్ళు వస్తాయి. బకెట్లో పడితే నురగ, పొద్దుటికి అడుగున పసుపుపచ్చ మడ్డి. పెండ్లాం కోమలకు చేతుల మీద మోచేతుల దాకా పొక్కులు, దవాఖానకు పోతే సబ్బు మార్చమ్మా అంటాడు డాక్టరు, ఎన్ని సబ్బులు మార్చాలి, మార్చాల్సింది సబ్బా. చూడి బర్రెలు నెలలు నిండకముందే ఈసుకపోతున్నాయి, దూడ బతకదు, బర్రె పాలియ్యదు, పాలకేంద్రం వాళ్ళు వాసన చూసి క్యాను వెనక్కి తోస్తారు. ఇంత లొల్లి అయ్యాక, రోడ్డు మీద కూర్చున్నాక, అప్పుడు వచ్చి కంపెనీ గేటుకు సీలు వేశారు. సీలు కూడా తాత్కాలికమే. గురువారం పట్నంలో పెద్ద సార్ల ముందర విచారణ. ఆ మూడు సీసాల రిపోర్టు చూసి గేటు తెరవాలా, మూసే ఉంచాలా తేల్చేస్తారు. ఊరి తరఫున మాట్లాడమని ఇస్రాయేలును పంపుతున్నారు. ఏం మాట్లాడాలి. ఏముందో తెలియని కాగితం మీద ఏం మాట్లాడాలి. ఊళ్ళో నీళ్ళు, ఊళ్ళో సీసాలు, ఊరి వాళ్ళ పొక్కులు, కాగితం మాత్రం ఊరికి చూపించరు.

చూపించకపోవడానికి వాళ్ళ దగ్గర ఒక వాక్యం ఉంది. ఇస్రాయేలుకు అది ఆదివారం వాక్యం కన్నా బాగా నోటికొచ్చు. కంపెనీపై దర్యాప్తు మరియు చర్యలు పెండింగులో ఉన్నందున, కోరిన సమాచారమును వెల్లడించినచో సదరు ప్రక్రియకు ఆటంకము కలుగును గనుక ఇవ్వజాలము. స్కూలు వ్యాను నడుపుతూ గేరు మార్చినప్పుడల్లా అదే మాట వస్తుంది, స్పీడు బ్రేకరు మీద ఇవ్వజాలము, పిల్లలు దిగే చోట ఇవ్వజాలము, పిల్లలు కూడా నేర్చుకున్నారు, పెన్సిల్ ఇయ్యరా అంటే ఇవ్వజాలము అంటున్నారు. దర్యాప్తు ఎందుకు, మా నీళ్ళ కోసమే కదా. మా నీళ్ళల్ల ఏమున్నదో మాకు చెప్తే మా కోసం చేసే దర్యాప్తుకు అడ్డం ఎట్ల పడ్తది. ఇంట్ల దొంగలు పడ్డరని పోలీసులకు చెప్పుకుంటే, ఏం పోయిందో నీకు చెప్తే కేసు ఖరాబైతది, దొంగ దొరికినంక చెప్తం అన్నట్టు. కేసు అయిపోయినంక ఇస్తారట. అయిపోయినంక దాన్ని ఏం చేసుకోవాలి, బర్రెకు మేతేయాలా.

పోనీ ఎవ్వరికీ ఇవ్వరా అంటే, ఇచ్చారు. కంపెనీకి ఇచ్చారు. ఇవ్వాల్సిందేనట, మీ మీద ఈ తప్పు మోపుతున్నాం అన్నప్పుడు ఏ ఆధారంతోనో చూపించాలట. విజేందర్ చెప్పాడు, కోర్టులో గుమస్తాగిరీ చేసి చేసి వకీళ్ళ కన్నా ఎక్కువ మాట్లాడే విజేందర్. ఈ అప్పీలు రాసి పెట్టింది కూడా అతనే. న్యాయమే, తప్పు మోపినోనికి చూపెట్టాలె, కాదన్నదెవరు. తాగేటోనికి కూడా చూపెట్టుండ్రి అంటున్న. మొన్న హోటల్ కాడ సురేశ్ కలిశాడు, పక్క ఊరివాడే, కంపెనీలో మనుషులతో మాట్లాడే ఉద్యోగం, అంటే మాట్లాడకుండా చేసే ఉద్యోగం. బజ్జీ నములుతూ, "ఇస్రాయేలన్నా, మీ ఇంటి బోరు నీళ్ళు చంటిపిల్లలకు తాపొచ్చంట గదనే. రిపోర్టుల పాసైనయి, ఫస్టు క్లాసుల పాసైనయి. గురువారం మా వకీలు గదే సదువుతడు," అన్నాడు, మిగతా రెండు సీసాల ఊసు ఎత్తలేదు. హోటల్లో అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళ ఇళ్ళల్లోనూ అవే నీళ్ళు, అయినా నవ్వారు. నీకెట్ల తెల్సురా అంటే, "మాకు ఇచ్చిండ్రు గదనే కాపీ. నీకియ్యలేదా, అయ్యో," అన్నాడు. ఆ అయ్యో ఇంకా చెవిలో ఉంది. చెయ్యెత్తబోయి ఆగిపోయాడు ఇస్రాయేలు. కొడితే అదొక కేసు అవుతుంది, అది కూడా పెండింగులో ఉంటుంది.

తలుపు తెరుచుకుంది. చాయ్ గ్లాసులు.

బిక్షమ్మ సంచిలోంచి నీళ్ళ బాటిల్ తీసి రెండు గుక్కలు తాగి, "తాగుతవారా," అంది. వద్దన్నాడు. అటెండరు అటుగా వస్తే వాడికి చాపింది, "తాగు బిడ్డా, పొద్దటి సంది ఇటు అటు తిరుగుతనే ఉన్నవ్." వాడు గటగటా తాగి మూతి తుడుచుకుని, పని మాత్రం చెయ్యకుండా పోయాడు. అమ్మకు ఇదొక రోగం. మనిషి కనపడితే నీళ్ళు ఇవ్వాలి. ఊరికే ఇవ్వడం కాదు, మంచివి ఇవ్వాలి. కంపెనీ రాకముందు కూడా ఈ రాళ్ళ నేలలో నీళ్ళేం తేనె కాదు. బాపు పళ్ళ మీద ఫ్లోరైడు పచ్చటి చారలు, ఇస్రాయేలు పళ్ళ మీద కూడా ఉన్నాయి, అద్దంలో చూసుకుంటే ఈ నేల తన నోట్లో సంతకం పెట్టినట్టు ఉంటుంది. అమ్మ పుట్టిల్లు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ పక్కన, నీళ్ళకు రుచి ఉంటుందని అక్కడి వాళ్ళకు తెలియను కూడా తెలియదు. పెండ్లయిన కొత్తలో అమ్మను చూడడానికి వాళ్ళ అన్న వచ్చాడు. అత్త చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన నోట్లో పోసుకుని, మింగలేక, ఇంటి కడప మీదే ఉమ్మేశాడు. ఏమనలేదట, ఉమ్మేసి తల వంచుకున్నాడట. కానీ కొత్త కోడలు అమ్మకు భూమి పగిలితే బాగుండు అనిపించింది. ఎన్ని వందల సార్లు చెప్పిందో ఈ ముచ్చట, చెప్పినప్పుడల్లా ఆ చెంబు ఇప్పుడే కింద పెట్టినట్టు చెప్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో రెండు కడవలు. ఒకటి ఇంటి వాళ్ళకు, ఒకటి వచ్చినోళ్ళకు. వచ్చినోళ్ళ కడవకు నీళ్ళు ఎక్కడో ఆమడ దూరంలో దొర బావి నుంచి, తోడనిస్తే తోడుకుని, బతిమాలితే పోయించుకుని. తర్వాత బాపుకు సర్కారు పట్టా భూమి వచ్చింది, బాపు బోరు వేయించాడు, నీళ్ళు పడిననాడు పాస్టరమ్మ వచ్చి ప్రార్థన చేసింది, ఆ బోరు నీళ్ళు కొంత నయం, కడవలు ఒకటయ్యాయి. కంపెనీ వచ్చింది, మళ్ళీ రెండయ్యాయి. ఇప్పుడు ఒకటి కడవ కాదు, మినరల్ వాటర్ ప్లాంటు నుంచి కొని తెచ్చే నీళ్ళ క్యాను, దాని మీద కుట్లేసిన తెల్ల గుడ్డ కప్పి, గుడ్డ మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. మనవరాలు ముట్టినా చెయ్యి మీద ఒక్కటేస్తుంది. వచ్చినోళ్ళయి గవి, బిడ్డా.

ఎట్ల పాసైనయి మరి నా బోరు నీళ్ళు. కంపు కొట్టే నీళ్ళు కాగితం మీద ఎట్ల పాసైనయి. ఇదే ప్రశ్న పట్టుకుని రాత్రుళ్ళు ఇస్రాయేలు ఒక పెద్ద సినిమా తీసుకున్నాడు తలలో. అందులో విలన్ నవీన్, సీసాలు పట్టుకుపోయిన కుర్ర ఇంజినీరు, మెడలో ఐడీ కార్డు, వీపున బ్యాగు. ఆ రోజు ముగ్గురు ఆఫీసర్లు వస్తే ఇద్దరు ఇస్రాయేలుతో వాగు దగ్గరున్నారు, నవీన్ ఒక్కడే ఇంటి బోరు దగ్గరికి పోయాడు. ఒక్కడే. గక్కడ్నే ఉన్నది కతంతా. జీపు హైవే ఎక్కుతుంది, డాబా దగ్గర ఆగుతుంది, వెనకాల తెల్ల కారు ఆగుతుంది, కారులోంచి సురేశ్ దిగుతాడు, చేతిలో కవరు, డిక్కీలో ఇంకో సీసా, అదే మూత, అదే చీటీ, సీసా లోపలికి, సీసా బయటికి. ప్రతి రాత్రి ఈ సీను కాస్త పెరిగేది. ఒక రాత్రి కారుకు నంబరు ప్లేటు లేదు. ఇంకో రాత్రి డాబాలో నవీన్ బిర్యానీ తిన్నాడు, అది కూడా కంపెనీ ఖాతాలోనే. పొద్దున లేచేసరికి ఇది సినిమా అన్న సంగతి సగం మరిచిపోయేవాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు కూడా, సీసా అమ్ముకున్న సారును వదిలేది లేదు అని. పేరు రాయలేదు, కానీ ఊరికి వచ్చిన కుర్ర సారు ఒక్కడే. చప్పట్ల బొమ్మలు, పిడికిలి బొమ్మలు ఎన్ని వచ్చాయో. కాగితం ఇస్తే ఈ సినిమా ఉండేదే కాదు. నమూనా ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందర పట్టారో అందులో ఉంటుంది కదా, రెండు లైన్లు చదువుకుంటే తేలిపోయేది. కాగితం దాచిపెట్టి, మనిషి తలలో డాబాలు కట్టిస్తారు.

విజేందర్ పొద్దున ఫోన్లో మళ్ళీ పాఠం చెప్పాడు. "పెండింగు అన్న ఒక్క మాటతోని ఆపనీకి లేదే. ఇస్తే దర్యాప్తుకు ఎట్ల అడ్డం పడ్తదో వాళ్ళు రాసి చూపెట్టాలె. గది అడుగు. లోపల గరం కాకు, గరమైతే నీ అప్పీలు ఉడికిపోతది. ఇంకోటి, నువ్వు లోపల ఏమేం అన్నవో గవన్ని వాళ్ళ ఆర్డర్ల ఎక్కాలె, ఎక్కకపోతే ఎక్కియ్యమను. మనం పెట్టే అర్జీ మన కాగితం, గది ఇన్‌వర్డు రిజిస్టర్ల పడి ఎటు పోతదో దేవునికెరుక. ఆర్డరు వాళ్ళ కాగితం. వాళ్ళ సంతకం, వాళ్ళ ముద్ర. వాళ్ళ కాగితాన్ని వాళ్ళు కాదనలేరు." సరే సరే అన్నాడు ఇస్రాయేలు. అర్జీల సంగతి విజేందర్ చెప్పాలా. మళ్ళీ వచ్చి నీళ్ళు పట్టండ్రి అని కూడా ఒక అర్జీ పెట్టాడు. అది విచారణలో ఉన్న అంశము అని తిరిగొచ్చింది. అడిగితే విచారణలో ఉంది, అడక్కపోతే విచారణ అయిపోయింది. ఈ రెండిటి నడుమ ఒక్కరోజన్నా ఉంటదా, ఉంటే చెప్పుండ్రి, ఆ రోజొస్తా.

మెట్ల మీద బూట్ల చప్పుడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైళ్ళు. నవీన్. ఇస్రాయేలు చేతులు వాటంతట అవే బెంచీ అంచు పట్టుకున్నాయి, గరం కాకు, గరం కాకు, అప్పీలు ఉడికిపోతది. ఆ పిల్లవాడు వీళ్ళను చూసి తడబడి, చూడనట్టు పోదామా వద్దా అని అర క్షణం ఆలోచించి, ఆగాడు. వాట్సాప్ ముచ్చట వాడికీ చేరినట్టుంది, ముఖం పాలిపోయింది. అయితే ముందు మాట్లాడింది బిక్షమ్మ.

"బాగున్నవా బిడ్డా? సన్నబడ్డవేంది?"

"బాగున్నమ్మా," అన్నాడు వాడు నేల చూస్తూ, ఇస్రాయేలు వైపు తిరగకుండా లోపలికి పోయాడు.

"వానితోని నీకేం మాటలే?" పళ్ళ నడుమ నుంచి అన్నాడు ఇస్రాయేలు. "మన సీసా అమ్ముకున్నోడు వాడు."

"ఏం సీసరా?"

"మన బోరు నీళ్ళు పట్టుకపోయి, తోవల మార్చి, మంచి నీళ్ళు పెట్టిండు. గందుకే రిపోర్టు గట్లొచ్చింది. ఇన్ని రోజుల సంది మొత్తుకుంటున్నది గిదే గదా."

బిక్షమ్మ కొడుకు వైపు జాలిగా చూసింది, జ్వరమొచ్చిన పిల్లవాడిని చూసినట్టు. "వాడేడ మార్చిండురా. వానికి నేను క్యాన్ నీళ్ళు పోసిస్తిని గదా."

ఎవరో కారిడార్ చివర స్టేప్లర్ కొడుతున్నారు. టక్. టక్.

"ఏ నీళ్ళు?"

"క్యాన్ నీళ్ళురా. నువ్వే ఫోన్ చేస్తివి, అమ్మా ఆఫీసు సారొస్తుండు, సీసా ఇస్తడు, మంచిగ నింపియ్యి అని. ఆ పొద్దు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపాయె, బోరు నడవకపాయె. ఎండకు పిలగాడు సొమ్మసిల్లెటట్టు ఉండె, వేపచెట్టు కింద కూసోబెట్టిన. సీసా నా చేతికిచ్చిండు. లోపలికి పోయి నింపుకొచ్చిన. ఇంటి ముంగటికొచ్చిన మనిషికి గా బోరు నీళ్ళు ఎట్ల నింపియ్యమంటవ్?"

"పరీక్షకు గదనే అవి. పరీక్షకు."

"పరీక్షకని నువ్వు చెప్పినవా, వాడు చెప్పిండా? దూరం పోతరు, తోవల దూపైతది అనుకున్న." అబద్ధం చెప్పలేక, "ఎరుకున్నా గా బోరు నీళ్ళు పొయ్యకపోదునురా," అంది.

డాబా కూలిపోయింది. తెల్ల కారు, కవరు, డిక్కీ, బిర్యానీ, అన్నీ ఒక్క స్టీలు గ్లాసులో మునిగిపోయాయి. తెల్ల గుడ్డ కింద క్యాను. మంచిగ నింపియ్యి. అవును, తన మాటే. వాగు ఒడ్డున నిలబడి, ఆఫీసర్లు తన మాట వింటున్నారన్న హుషారులో, ఫోన్ చెవికి పెట్టుకుని, మంచిగ నింపియ్యే అమ్మా అన్నాడు, అంటూ ఆఫీసర్ల వైపు చూసి నవ్వాడు కూడా. అమ్మ మంచిగనే నింపింది. ఊరంతా రోడ్డు మీద కూర్చుని తెచ్చుకున్న దర్యాప్తును అమ్మ గుడ్డతో మూతి తుడిచి, మూత బిగించి, చేతికిచ్చి పంపింది. కంపెనీ వకీలు గురువారం చదవబోయేది ప్లాంటు నీళ్ళ రిపోర్టు. ప్లాంటు వాడు దాన్ని అట్ట కట్టించి షాపులో పెట్టుకోవచ్చు. ఇస్రాయేలుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు, అమ్మను ఏమైనా అనాలి, ఏమనాలి, కొల్లాపూర్ నుంచి వచ్చిన అన్నను అనాలా, కడప మీద పడ్డ ఆ ఉమ్మిని అనాలా, పరీక్ష సీసాను పట్టుకోవాల్సిన చేత్తో పట్టుకోకుండా ముసలిదాని చేతికిచ్చి నీడలో కూర్చున్న వాడిని అనాలా. వాడికైనా ఎవరు నేర్పారు. వాడికి చెమట పట్టింది, నీడ దొరికింది. అంతే జరిగింది. ఎవరూ ఎవరికీ ఏమీ అమ్ముకోలేదు. దాచాల్సిందేమీ లేని కాగితాన్ని ఇన్ని నెలలు ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. మొదట్లోనే ఇచ్చి ఉంటే, మూడో సీసా, ఇంటి యజమానురాలు నింపి ఇచ్చినది అని చదివి ఉంటే, ఆ రోజే తెలిసిపోయేది, ఆ రోజే మళ్ళీ పట్టించేవాళ్ళు. వెల్లడించినచో ఆటంకము కలుగునట. వెల్లడించకపోతేనే కదా ఆటంకం ఇంత లావైంది.

ఇప్పుడేం చెయ్యాలి. చెప్తే, కంపెనీ వకీలు పట్టుకుంటాడు, చూశారా, ఒక సీసా తప్పైతే మిగతా రెండూ నిజమని ఎట్లా నమ్మాలి అంటాడు. హోటల్లో సురేశ్ బజ్జీ నములుతూ అమ్మను పేరు పెట్టి నవ్వుతాడు. నవీన్ కొలువు మీదికి వస్తుంది. చెప్పకపోతే, గురువారం ఇస్రాయేలు బోరు నీళ్ళు చంటిపిల్లలు తాగొచ్చు. గేటు సీలు తీస్తారు. ఆ రాత్రికే వాగులో నురగ. కోమల చేతులు. ఇంకో బర్రె. అర్జీ పెట్టి చెప్పుకుందామంటే ఇన్‌వర్డు ముద్ర పడి బావిలో రాయైపోతుంది, గురువారం తర్వాత ఎప్పుడో తేలుతుంది, విచారణ ముగిసినందున అని. మన కాగితం మన కాగితమే. వాళ్ళ కాగితం కావాలి. వాళ్ళ కాగితం. ఇస్రాయేలు లేచి నిలబడ్డాడు. బెంచీ అటు పక్కకు దిగింది, బిక్షమ్మ గోడ పట్టుకుంది.

"గా పిలగానికి ఏం గాదు గదరా?" అంది.

"జర అక్షింతలు పడ్తయి. అమ్ముకున్నడన్న పేరు మాత్రం పోతది. గా పేరు నేను పెట్టిందే."

"అయితె నేనే చెప్త. పోసింది నేనైతిని."

తలుపు తెరుచుకుంది. ఈసారి గ్లాసులు రాలేదు. "ఎర్రగుట్టపల్లి, ఇస్రాయేలు ఎవరు," అన్నాడు అటెండరు, ఇందాక వాళ్ళ నీళ్ళు తాగింది తను కానట్టు.

ఇన్నాళ్ళూ సారు సారు అనుకున్న సారు సారు కాదు, మేడం. బల్ల మీద చెక్క పలక, సుహాసిని అని. బోర్డు మీద ఎక్కని పేరు ఇక్కడ ఉంది. నెరిసిన జుట్టు, దగ్గు, బల్ల మీద కొండలా ఫైళ్ళు, పక్కన టైపు చేసే అమ్మాయి. మేడం తల ఎత్తకుండానే, "మీ అప్పీలు చదివాను. కంపెనీ మీద చర్యలు ఇంకా పెండింగులోనే ఉన్నాయి. రిపోర్టు ఇవ్వడం కుదరదు," అంది.

"మంచిది మేడం. ఇయ్యకుండ్రి."

అప్పుడు తల ఎత్తింది. గరం కావడానికి వచ్చినవాళ్ళను చాలామందిని చూసిన కళ్ళు. "మరి ఎందుకొచ్చినట్టు?"

"ఇచ్చిపోదామని వచ్చిన మేడం. మీ ఫైలుల లేని ముచ్చట ఒకటి మా దగ్గరున్నది. మా అమ్మ చెప్తది. మీ ఆర్డర్ల రాయాలె."

"ఇది విచారణ కాదయ్యా. కాగితం ఇవ్వాలా వద్దా, అంతవరకే నా పని. నీళ్ళ సంగతి పట్నంలో చెప్పుకోండి."

"పట్నంల మా మాట మా మాటనే మేడం. అప్పీలు పెట్టినోడు ఏమన్నడో మీరు రాస్తరు గదా, గా జాగల రాయుండ్రి. రాసి, దాని కింద కుదరదు అని రాసి, ముద్ర కొట్టుండ్రి. నేను మీ మీద పై అప్పీలు కూడ పెట్టను."

మేడం ఫైలు మూసి అతన్ని చూసింది. టైపు చేసే అమ్మాయి మేడంను చూసింది. ఇస్రాయేలుకు అర్థమైంది, ఈవిడ తెలివైనది, తను ఏం అడుగుతున్నాడో ఈవిడకు తెలిసిపోయింది, ఇప్పుడు తెలియనట్టు ఉండటమా, రాయించడమా అని తూచుకుంటుంది. దగ్గింది. "చెప్పమ్మా," అంది.

బిక్షమ్మ చెప్పింది. ఫోన్ దగ్గర మొదలుపెట్టలేదు, ఇస్రాయేలు అనుకున్నట్టే కొల్లాపూర్ దగ్గర మొదలుపెట్టింది. అన్న, చెంబు, కడప, రెండు కడవలు, దొర బావి. మేడం ఆపబోయింది, ఆపలేదు. బోరు, కంపు, క్యాను, తెల్ల గుడ్డ, ట్రాన్స్‌ఫార్మర్, వేపచెట్టు, సీసా. టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఒకచోట ఆగాయి. "పిలగాన్ని ఏమనకుండ్రి. ఎండల వచ్చిండు," అని ముగించింది బిక్షమ్మ.

"పరీక్ష కోసం వచ్చిన వాళ్ళకు క్యాన్ నీళ్ళు పోశారా," అంది మేడం.

"మా ఇంటికొచ్చిండు గద బిడ్డా."

మేడం టైపు అమ్మాయి వైపు తిరిగి, గొంతు సవరించుకుని, ఒక్కో ముక్క చెప్పింది. మూడవ నమూనా సదరు బోరు నుండి సేకరించబడలేదనియు, కొనుగోలు చేసిన తాగునీటి క్యాను నుండి తానే నింపి ఇచ్చితిననియు అప్పీలుదారుని తల్లి బిక్షమ్మ తెలియజేసినారు. అయినప్పటికీ చర్యలు పెండింగులో ఉన్నందున కోరిన సమాచారము ఇవ్వజాలము. ఆ చివరి మాట ఇస్రాయేలుకు మొదటిసారి వినసొంపుగా ఉంది. ప్రింటరు గుర్రుమంది. సంతకం. ముద్ర. "ఒకటి చాలా," అంది మేడం, అడగకుండానే రెండో కాపీ మీద కూడా ముద్ర కొట్టి. గురువారం లోపల అది కంపెనీ వకీలు దగ్గర ఉండదు. మొట్టమొదటిసారి వాళ్ళ దగ్గర లేనిది తన దగ్గర ఉంది.

మేడంకు దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. బల్ల మీద గ్లాసు ఖాళీ. బిక్షమ్మ చేతులు ఇంకేం చేస్తాయి, సంచిలోంచి బాటిల్ తీసి, ఆ గ్లాసు కడిగినట్టు తిప్పి, నిండా పోసింది. "తాగు బిడ్డా, తాగు."

మేడం గ్లాసు తీసుకుని మూతి దాకా తెచ్చింది.

"ఎక్కడివమ్మా?"

"మా ఊరియే. ప్లాంటుయి. మా ఊరి నీళ్ళనే వడగట్టి ఇస్తరు."

గ్లాసు ఆగింది. మేడం కళ్ళు ఒక్కసారి బల్ల మీది లావు ఫైలు మీదికి పోయాయి, ఇస్రాయేలు ఇన్ని నెలలు చూడాలని కొట్లాడిన ఫైలు, వాగు సీసా, చర్చి సీసా ఉన్న ఫైలు. దగ్గు వస్తూనే ఉంది. ఆవిడ గ్లాసును మెల్లగా బల్ల మీద పెట్టి, మూత పెట్టి, పక్కకు జరిపింది.

ఇస్రాయేలు ఆ మూత వైపే చూశాడు. ఇన్ని నెలలుగా తను అడిగిన ప్రశ్నకు ఆ ఆఫీసు ఇచ్చిన మొదటి జవాబు అది. దాన్ని మాత్రం ఎవరూ టైపు చేయలేదు.